నాలుగో బాన

తిఖాఉబాని,
సెప్టెంబరు 6, 2011, మంగళవారం.

బెజాన్‌కు,

జయం! మనవాళ్ళు ఎదురుపడితే ముందు అనే మాట ఇదే కదా. పదకొండేళ్ళుగా సంతలో నువ్వు ఆ పక్కకీ నేను ఈ పక్కకీ చూసుకుంటూ నడిచి ఈ ఒక్క మాటా మింగేశాం. కాగితం మీదయితే మొహం తిప్పుకోవడం కుదరదు కాబట్టి రాస్తున్నాను. నీకూ, నీ ఇల్లాలు లమారాకూ, నా భుజాల మీద ఎక్కి తిరిగిన నీ కొడుకు జుంబేర్‌కూ, వాడి పెళ్ళాం బిడ్డలకూ జయం. కోతలయ్యేదాకా మీ తోటకు వడగళ్ళు తగలకూడదనీ, ఎర్రకాడ ద్రాక్ష గుత్తుల్లో ఒక్క కాయ కూడా కుళ్ళకూడదనీ కోరుకుంటున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం, మక్వలా మోకాళ్ళూ నా కుడి భుజమూ తప్ప.

మా ఆవిడ మక్వలా ఫోన్ చెయ్యమనే చెప్పింది. ఫోనయితే నా గొంతు వినగానే పెట్టేస్తాడు, ఉత్తరమయితే చింపే ముందు కాస్తయినా చదువుతాడు అన్నాను. చదవడు, తిన్నగా పొయ్యిలో పెడతాడు, మీరిద్దరూ ఒక తాను ముక్కలే కదా అంది. పొయ్యిలో పెట్టాలన్నా ముందు కళ్ళజోడు పెట్టుకుని ఎవరు రాశారో చూడాలి, ఆలోగా నాకు రెండు వాక్యాలు దక్కుతాయి అన్నాను.

ఆ రెండు వాక్యాలూ ఇవి. నీ వైన్ గది మరానిలో గోడవారగా పాతిన నాలుగో బాన కారుతోంది. దాని బదులు పాతడానికి కొత్త బాన నేను చేసి ఉంచాను.

ఇక పొయ్యి మూసేసి కూర్చుని మిగతాది చదువు.

నాకెలా తెలిసిందనే కదా నీ చెవులు ఎర్రబడుతున్నాయి! జుంబేర్ చెప్పలేదు, వాడి మీద కేకలెయ్యకు. లమారా కూడా చెప్పలేదు, అసలు ఆమెకు నువ్వు చెప్పి ఉండవు. నీ వైనే చెప్పింది.

అవును, నీ వైన్ నేను తాగుతూనే ఉన్నాను. ఏటా ఈస్టర్ వెళ్ళాక మక్వలా రంగు గుడ్లూ తీపి రొట్టే పట్టుకుని మీ ఇంటికి వస్తుంది కదా. మన పంతాలు మనవి, వాళ్ళ రాకపోకలు వాళ్ళవి. తిరిగి వచ్చేటప్పుడు లమారా ఒక కూజా నింపి ఆమె చేతిలో పెడుతుంది. మొదటి ఏడు, ఇదెక్కడిదే అని అడిగాను. మా అక్కావాళ్ళ ఊరిది అంది. మక్వలాకు అక్కే లేదు. నేను మళ్ళీ అడగలేదు, ఆమె మళ్ళీ చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఆ లేని అక్క పుణ్యమా అని నీ వైన్ మా భోజనాల బల్ల మీద ఉంటోంది.

ఒక్క గుక్క చాలు నాకు, ఏ బానలోదో చెప్పేస్తాను. పైకి కాదులే, మనసులో. ఆ నాలుగూ నా చేతుల్లోంచి వచ్చినవే. ఒకే తోట, ఒకే పొద్దున కోసిన కాయ, ఒకే తొట్టిలో ఒకే కాళ్ళు తొక్కిన రసం. నాలుగింట్లో పోసి మూత పెడితే వసంతంలో నలుగురు వేరు వేరు మనుషులు లేచి వస్తారు. మొదటిది నేను ఇరవై ఆరేళ్ళప్పుడు చేసింది. గోడ మందం ఎక్కువైంది, నా కుర్రతనం పొగరంతా అందులో ఉంది. దానిలో వైన్ మొదట నోరు పట్టేస్తుంది, రెండో గ్లాసుకు గానీ స్నేహం చెయ్యదు. రెండోది ఆవంలో గాలి వైపు కూర్చుని ఎక్కువ కాలింది, దాని వైన్ ముదురు తేనెరంగు తేలి ఎండబెట్టిన ఆప్రికాట్ల వాసన వేస్తుంది. మూడోదానికి అడుగున మొన బాగా కుదిరింది. గింజలన్నీ ముందే ఆ మొనలోకి దిగి కూర్చుంటాయి, వాటి మీద తొక్కలు పరుచుకుంటాయి, ఇక చేదు పైకి రాదు. పెద్దవాళ్ళెవరైనా ఇంటికి వస్తే నువ్వు ముందు దాని మూతే తీసేది అందుకే. నాలుగోది జుంబేర్ పెళ్ళికి ముందు ఏడు చేశాను. అది నాకు ముద్దు. దాని గురించి ఇంతకన్నా రాయను.

అంతా తన మట్టి గొప్పే అంటున్నాడు వీడు అనుకుంటున్నావు. అనను. నువ్వు లేకపోతే నా బాన నేలలో ఉన్న ఒట్టి గొయ్యి. చెర్రీ బెరడు కుచ్చు పొడుగాటి కర్రకు కట్టి, పొట్ట మీద పడుకుని, నడుం దాకా బానలోకి వేలాడుతూ నువ్వు కడగడం నేను చూశాను. ఏడుసార్లు, ఎనిమిదిసార్లు కడిగేవాడివి. ఆఖరి కడుగునీళ్ళు గ్లాసులో ముంచి అందరి ముందూ తాగేవాడివి. నీళ్ళ రుచి తప్ప ఇంకేం తగిలినా మళ్ళీ మొదటికి. పిప్పి పొంగి పైకి తేలే రోజుల్లో రోజుకు ఐదుసార్లు తెడ్డేసి కిందికి అణిచేవాడివి, పొద్దున గట్టిగా, సాయంత్రానికి నెమ్మదిగా. ఆ పొద్దుటి విసురూ సాయంత్రపు అలసటా రెండూ నీ వైన్‌లో ఉంటాయి, నేను గుర్తుపడతాను. ఈ లోయ మొత్తం మీద నీ అంత శుభ్రమైన చెయ్యి ఇంకొకటి లేదు. ఈ మాట నేను ఎవరి దగ్గరా అనలేదు, ఉత్తరం లమారాకు చూపించకు.

ఈ ఏడూ ఏప్రిల్‌లో కూజా వచ్చింది. గ్లాసులో పోశాను, రంగు బాగుంది. గుక్క వేశాను. ముందు అంతా నువ్వే. మింగిన తర్వాత నాలుక మొదట్లో సన్నగా ఒక పులుపు, దాని కింద తడినేల వాసన. గ్లాసు కింద పెట్టేశాను. నా నాలుకను నేనే నమ్మలేక, మీ అక్క ఏ బానలోంచి తీసిందే అని అడిగాను. ఆ మొదటి ఏడు తర్వాత మళ్ళీ అదే నేను అడగడం. మక్వలా నా మొహం చూసి భయపడి, నాలుగోది అంది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెంట్రుక వాసి నెర్రె అయి ఉంటుంది. నెలనెలా మూత తీస్తే మట్టం రెండు వేళ్ళు దిగి ఉంటుంది, నువ్వు మూడోదాంట్లోంచి తెచ్చి నింపి, మళ్ళీ మట్టి మెత్తి మూసేసి, ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నావు. ఒట్టేసి చెప్పు, అవునా కాదా? ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. నా బాన దానంతట అది నెర్రె విచ్చదు. మీ గోడ అవతల అక్రోటు చెట్టుంది, దాని వేరు నెట్టి ఉంటుంది. తవ్వి చూడు, వేరు లేకపోతే నా మీసం తీయిస్తాను.

చెయ్యి లాగుతోంది. మిగతాది రేపు రాస్తాను.

బుధవారం.

పొద్దున్నే మక్వలా ఈ కాగితాలు చదివింది. చదవద్దన్నాను కాబట్టి చదివింది. కడుగునీళ్ళ ముక్క బాగుందట. పెళ్ళి గొడవ ఎత్తకుండా రాస్తే ఉత్తరం ఎందుకు, ముగ్గురికీ తెలిసిన పుండు మీద కట్టు కట్టి ఏం దాస్తావు అంది. సరే, ఎత్తుతాను.

జుంబేర్ పెళ్ళికి నువ్వే విందు పెద్దగా, తమదాగా కూర్చున్నావు. కొడుకు పెళ్ళిలో తండ్రే తమదా అయ్యి అందరిచేతా పేరుపేరునా తాగించడం ఎక్కడైనా ఉందా అని నలుగురూ అన్నా వినలేదు. నా బల్ల మీద నా మాటే నడవాలి అన్నావు. బాగానే నడిపించావు, కాదనను. దేవుడి పేరెత్తావు, దేశం పేరెత్తావు, పోయినవాళ్ళ పేరెత్తావు, పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ ఎత్తావు. ఒక్కో పేరుకు ఒక్కో కొమ్ము వైన్ ఖాళీ చేశాం. ఆ తర్వాత నీ వైన్ దగ్గరికి వచ్చావు. తీగ పేరు ఎత్తావు, నేల పేరు, ఎండ పేరు, తోటకు మొదట కంచె కట్టిన మీ తాత పేరు. చివరికి గుత్తుల బండి లాగిన ఎడ్ల పేరు కూడా ఎత్తావు బెజాన్! మూడు వందల మంది లేచి నిలబడి ఎడ్ల పేరున తాగారు. నేనూ తాగాను. ఇక వచ్చేది నా పేరే అనుకుని కోటు బొత్తాం పెట్టుకున్నాను. నువ్వు కూర్చుని మాంసం ముక్క అందుకున్నావు. మగవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

నీ మరానిలో ఉన్న నాలుగు బానలూ చేసినవాణ్ణి నేను. ఎద్దు తర్వాతయినా గుర్తుకు రావాలి కదా కుమ్మరి! బొత్తాం మళ్ళీ విప్పాను. కొమ్ము బోర్లించి, తమదా సెలవైనా అడగకుండా లేచి వచ్చేశాను. మక్వలా ఆడవాళ్ళ మధ్య ఉండిపోయింది, ఆమెను పిలవను కూడా లేదు. కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారే, అలా అయింది. ముప్పై ఏళ్ళ స్నేహం ఆ పూట అక్కడ ముక్కలైంది.

సరే, పాత కథ. నేను మనసులోంచి తీసేశాను అనుకో. పెద్దవాణ్ణయ్యాను, ఎడ్ల మీద కూడా ఇప్పుడు నాకు కోపం లేదు.

బాన సంగతి చెబుతాను, ఇది చెప్పేటప్పుడు మాత్రం నన్ను ఆపకు. కూజా వచ్చిన వారమే మట్టి తెప్పించాను. ఏటి వంపు దగ్గరి జిగట మన్ను మూడు పాళ్ళు, కొండవైపు ఇసుక మన్ను ఒక పాలు. మా అబ్బాయి ఎల్గూజా తొక్కుతానన్నాడు. వద్దురా, ఈ ఒక్కదాన్ని ముట్టుకోకు అన్నాను. ఎవరికి నాన్నా అన్నాడు. ఒక మొండివాడికి అన్నాను. తెలిసిపోయింది వాడికి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మట్టిని తాడులా పేని చుట్టు మీద చుట్టు పెట్టుకుంటూ రోజుకు బెత్తెడు లేపాను. బెత్తెడు లేపి ఆరనివ్వాలి, తొందరపడితే కింది గోడ కూలబడుతుంది. భుజం నొప్పి పుట్టిన రోజుల్లో ఎడమ చేత్తో నునుపు చేశాను. జూన్‌లో పొట్ట పూర్తయింది, జూలైలో మెడ. నెల రోజులు నీడలో ఆరబెట్టి ఆగస్టులో ఆవం మూశాను. ఏడు రోజుల మంట. చల్లారాక గోడ విప్పి, వేలి కణుపుతో బాన పొట్ట మీద కొట్టాను. వంటింట్లోంచి మా కోడలు ఈ వేళప్పుడు చర్చి గంటేమిటి, ఎవరు పోయారు అని కేకేసింది. ఎవరూ పోలేదమ్మా, ఒకటి పుట్టింది అన్నాను. ఎల్గూజా వచ్చి ఇంకోసారి కొట్టి చూశాడు, మళ్ళీ కొట్టాడు. దేనికైనా వంక పెట్టే మా వాడు రెండుసార్లు కొట్టి విన్నాడంటే ఎంతటిదో నువ్వే ఊహించుకో.

పన్నెండు వందల లీటర్లు పడుతుంది. నలభై మూడేళ్ళ నుంచి ఇదే పని నాది, నాలుగు వందల పైచిలుకు బానలు ఈ లోయలో నేల కింద ఉన్నాయి. అన్నింటిలోకీ ఇదే మేలైనది. నా నోటితో నేనే చెప్పుకోవాలా అంటే, మరి ఇంకెవరు చెబుతారు, ఇంకెవరికి తెలుసు? ఇదే ఆఖరిది కూడా. ఏడుపు గొంతుతో రాయడం లేదు సుమా. భుజం చాలంది, నేనూ సరే అన్నాను. ఎల్గూజా బానలు నావాటికన్నా తిన్నగా లేస్తున్నాయి, వాడితో అనకు.

జుంబేర్ స్టీలు టాంకు పెట్టిద్దామంటున్నాడని లమారా మక్వలాతో అందట. కడగడం తేలిక, తవ్వకం లేదు, నెర్రె భయం లేదు అన్నాడట. అబద్ధం కాదు. కానీ స్టీలులో ఏది పోస్తే అదే తిరిగి ఇస్తుంది. నీ కాయ ఎలా ఉందో అంత వరకే వస్తుంది. నువ్వెవరో, మీ నేల కింద చల్లదనం ఎంతో, ఏ కుమ్మరి ఏ వయసులో ఏ పొగరుతో గోడ లేపాడో దానికేం తెలుస్తుంది? తాగినవాడు బాగుంది అంటాడు, ఇది బెజాన్‌ది అనడు. కావాలంటే జుంబేర్‌తో ఈ మాట నేనే చెబుతాను. నేను చెబితే వాడు వింటాడు, చిన్నప్పుడు నువ్వు కొడితే మా ఇంటికే పారిపోయి వచ్చేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. రోడ్డు మీద కొత్తగా హోటలు కడుతున్నవాడొకడు పోయిన వారం వచ్చాడు. బాన చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి అద్భుతం అన్నాడు. నాకు ఛాతీ ఉబ్బింది. ఇంతకీ ఏ ద్రాక్ష పోస్తారు అని అడిగాను. ద్రాక్ష ఎందుకండీ, గేటు దగ్గర నిలబెట్టి పక్కన రంధ్రం కొట్టి పూలమొక్కలు పెడతాం, వచ్చినవాళ్ళు ఫోటోలు దిగుతారు అన్నాడు. మూతి దాకా పాతితేనే కదా అది క్వెవ్రి! పైన నిలబెడితే దాన్ని ఏమనాలో మా తాతలు ఒక పేరు కూడా పెట్టలేదు. బల్ల మీదున్న రొట్టె కత్తి వంక చూశాను. మక్వలా దాన్ని తీసి సొరుగులో పెట్టేసింది.

కానీ బెజాన్, నువ్వు వద్దంటే అది అక్కడికే పోతుంది. ఈ పాటికి అందరి నేలల్లోనూ బానలు నిండి ఉన్నాయి, కోతలకు మూడు వారాలే ఉంది, ఇంత పెద్దది ఇప్పటికిప్పుడు పాతుకునేవాడు లేడు. నేను పాతుకుందామంటే నాకు తోట ఎక్కడిది, కుమ్మరివాణ్ణి. నా చేతులతో చేసిన ఆఖరి బాన ఒక్క చుక్క వైన్ ఎరగకుండా రోడ్డు పక్కన దుమ్ము తాగుతుంది. అందుకే పదకొండేళ్ళ పంతం మడిచి పెట్టి ఈ కాగితం తీశాను. నీ నేలలో దానికి చోటు అడుగుతున్నాను. ఎవరి ముందూ ఇలా అడిగినవాణ్ణి కాను, నీకు తెలుసు.

మంగళవారం పదమూడో తారీఖున ఎల్గూజా లారీలో గడ్డి పరిచి తెస్తాడు. అప్పటికి పాతదాన్ని తవ్వి తీయించి ఉంచు, వేరు దొరికితే ముక్క కోసి నాకు పంపు. తాళ్ళకు ఎనిమిది మంది కావాలి, తాగని ఎనిమిది మంది. గొయ్యి అడుగున మెత్తటి ఇసుక పొయ్యి. బయట సున్నం ఎల్గూజా పూస్తాడు. లోపలి మైనం పూత నేనే వేసి పంపుతున్నాను. బాన వెచ్చగా ఉండగానే వేశాను, మట్టి తాగాల్సినంత తాగింది, ఇక నువ్వు చెయ్యి పెట్టక్కర్లేదు. కడగడం నీ ఇష్టం, ఆ పని నీకు చెప్పేవాడెవడు!

నేను మాత్రం రాను. బానకు కాళ్ళు లేవు కాబట్టి తెస్తున్నారు. ఎవరూ పేరెత్తని చోటికి నేనెందుకు రావాలి? బానొక్కటి వస్తే చాలు. ఈ ఉత్తరాన్ని, ఆ లేని అక్క ఊరికి వెళ్ళే బస్సులో మక్వలా రేపే తెస్తుంది. జవాబు ఆమె చేతికే ఇవ్వు, అవునో కాదో ఒక్క మాట చాలు.

లమారాకు నా నమస్కారం. పిల్లలకు ముద్దులు. మీ తీగలకు మంచి ఎండ కాయాలి.

ఇప్పటికీ నీ కుమ్మరే అయిన,
తెదో

తా.క. కాగితం మడిచి మక్వలాకు ఇచ్చాను. ఆమె పట్టుకోలేదు. మోకాళ్ళ నొప్పులతోనైనా వంతెన దాటుతాను గానీ అబద్ధం మోసుకుని దాటను, అసలు సంగతి రాస్తేనే తీసుకెళ్తాను అంది. కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం కుమ్మరివాడికి ఎంత కష్టమో ఆమెకేం తెలుసు. అయినా చెబుతాను.

నా పేరు నువ్వు మరిచిపోలేదు. నాకు తెలుసు. ఆ మర్నాడే తెలుసు. నేను ఇంకా మొహం కూడా కడుక్కోలేదు, మక్వలా పెళ్ళి నుంచి తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడే చెప్పింది. పాట అయ్యాక నువ్వు మీ నాన్న పెద్ద కొమ్ము తెప్పించావట. ఆఖరికి దాచుకున్న పేరొకటి ఉంది, దాన్ని చిన్న కొమ్ముతో తాగకూడదు అన్నావట. ఈ వైన్‌లో నేల పైన ఉన్న సగమే నాది, నేల కింద ఉన్న సగం తెదోది అన్నావట. మూడు వందల మంది లేచి నిలబడి నా కుర్చీ వైపు తిరిగారట. నువ్వు నిండు కొమ్ము పట్టుకుని నిలబడే ఉన్నావట, పెళ్ళికొడుకును గేటు దాకా పంపావట నన్ను వెతకమని. వాడు ఒక్కడే తిరిగి వచ్చాక, ఎవరినీ కూర్చోమనకుండా, అదంతా నువ్వే తాగావట.

నీ తప్పయి ఉంటే వారం తిరక్కుండా వచ్చి నిన్ను క్షమించి ఉండేవాణ్ణి బెజాన్. తప్పు నాదయ్యేసరికి కాళ్ళు రాలేదు.

మంగళవారం లారీ వెనక, బానను పట్టుకుని నేనూ ఉంటాను. తమదాను అడగకుండా బల్ల దగ్గర్నుంచి లేచినవాణ్ణి కదా, మీ గేటు బయట నిలబడి ఆ సెలవేదో ఇప్పుడు అడుగుతాను. వెళ్ళమంటావో, వచ్చి కూర్చోమంటావో, ఆ బల్లకు పెద్దవాడివి నువ్వు.